ఈ-ఇంక్ రీడర్‌లో పేజీ తిప్పితే నల్లగా మెరుస్తోంది, పాత అక్షరాల నీడ మిగులుతోంది: ఇది లోపమేనా?

పోస్టు 1 | కొత్తపేజీ

అందరికీ నమస్కారం. ఫోన్‌లో చదివి చదివి విసుగొచ్చి 6 అంగుళాల ఈ-రీడర్ తీసుకున్నాను. హాయిగా ఉంది, అందులో సందేహం లేదు. కానీ రెండు మూడు విషయాలు నన్ను కుదురుగా చదవనివ్వడం లేదు.

కొన్ని పేజీలకోసారి స్క్రీన్ మొత్తం గప్పున నల్లబడి, తెల్లబడి, ఆ తర్వాత పేజీ వస్తోంది. ఆ మెరుపు రాని పేజీల్లో పరీక్షగా చూస్తే ముందు పేజీ అక్షరాలు లేత బూడిద రంగులో వెనకాల కనిపిస్తున్నాయి. అధ్యాయం చివర సగం ఖాళీగా ఉండే పేజీలో అయితే స్పష్టంగానే తెలుస్తోంది. సెట్టింగ్స్‌లో 'ప్రతి పేజీకీ రిఫ్రెష్' పెడితే నీడ పోతోంది గానీ, ఇక ప్రతి పేజీకీ మెరుపే.

వెనక్కి ఇచ్చేయాలా? ఇలా అస్తమానం నల్లబడుతుంటే స్క్రీన్ తొందరగా అరిగిపోతుందా? ఇంకో మాట: ఇంట్లో పిల్లలకి కామిక్స్ ఇష్టం. వాళ్ల కోసం కలర్ రీడర్ తీసుకోవచ్చంటారా?

పోస్టు 2 | రిబ్బన్‌కేబుల్

లోపం కాదండీ, వెనక్కి ఇవ్వకండి. ఈ స్క్రీన్ పనిచేసే తీరే అంత. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే తీరిపోతాయి, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

స్క్రీన్ లోపల ఒక పల్చటి పొరలో మైక్రోక్యాప్సూల్స్ అనే గుళికలు లక్షల్లో పరిచి ఉంటాయి. ఒక్కోటి వెంట్రుక మందానికి అటూ ఇటూ ఉంటుంది. గుళిక నిండా పారదర్శకమైన నూనె, ఆ నూనెలో రెండు రకాల రేణువులు. తెల్లవి టైటానియం డయాక్సైడ్, నల్లవి కార్బన్ బ్లాక్. ఒకదానికి పాజిటివ్ ఛార్జి ఉంటే రెండోదానికి నెగటివ్. పైన పారదర్శకమైన ఎలక్ట్రోడ్ ఒకటే పరుచుకుని ఉంటుంది, కింద పిక్సెల్‌కో ట్రాన్సిస్టర్. అక్కడి నుంచి ప్లస్ 15 వోల్టులో మైనస్ 15 వోల్టులో ఇస్తే ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది అడుక్కి పోతుంది. వోల్టేజి తీసేస్తే ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోయినా ఆఖరి పేజీ స్క్రీన్ మీద అలాగే ఉండేది అందుకే.

తెలుపు, నలుపుతో పేచీ లేదు, ఒక పక్కకి గట్టిగా నెట్టేస్తే సరిపోతుంది. బూడిద రంగులతోనే తంటా. రేణువుల్ని మధ్యదారిలో ఆపాలి. ఎంతసేపు నెట్టామన్నదే మన చేతిలో ఉన్న కొలత, ఎందుకంటే రేణువు ఇప్పుడు ఎక్కడుందో చెప్పే సెన్సర్ లోపల ఏదీ లేదు. చీకట్లో బీరువా జరిపినట్టు: ఎంతసేపు తోశామో తెలుసు, ఎక్కడికి చేరిందో కనబడదు. కంట్రోలర్ పాత పేజీని గుర్తుపెట్టుకుని, 'ఈ పిక్సెల్ 5వ స్థాయిలో ఉంది, 12వ స్థాయికి వెళ్లాలి, కాబట్టి ఇటు ఇంతసేపు, అటు ఇంతసేపు' అని ఒక పట్టిక చూసి నెడుతుంది. ఆ పట్టికనే వేవ్‌ఫారం అంటారు. ప్రతి తోపులోనూ కాస్త తేడా మిగిలిపోతుంది. పేజీలు తిరిగేకొద్దీ ఆ తేడాలు పోగుపడి మీకు నీడగా కనిపిస్తున్నాయి. దీని పేరే ఘోస్టింగ్.

ఇక మెరుపు. అన్ని రేణువుల్నీ ఒకసారి ఈ కొసకి, మరోసారి ఆ కొసకి నెట్టేస్తే అవి ఎక్కడున్నాయో సందేహం ఉండదు. అక్కడి నుంచి లెక్క కొత్తగా మొదలవుతుంది.

అరుగుదల గురించి బెంగ పెట్టుకోకండి. ప్యానెల్‌కి చెరుపు చేసేది మెరుపు కాదు, ఒకే దిక్కుకి మొగ్గుగా వోల్టేజి ఇస్తూ పోవడం. అటు ఇచ్చింది, ఇటు ఇచ్చింది కూడితే సున్నా వచ్చేలా వేవ్‌ఫారాలు రాస్తారు. మీరు చూసే ఆ నలుపు తెలుపుల ఆటలో కొంత భాగం ఆ లెక్క సరిచేయడానికే.

పోస్టు 3 | రాత్రిబండి

పైన చెప్పినదానికి వాడకం సంగతి కలుపుతాను. నవలలు చదివేటప్పుడు రిఫ్రెష్‌ని 'అధ్యాయానికోసారి' పెట్టుకోండి, ఆ వెసులుబాటు చాలా రీడర్లలో ఉంది. మామూలు పేజీలో అక్షరాల మీద అక్షరాలే పడతాయి కాబట్టి నీడ ఉన్నా కన్ను పట్టించుకోదు. బొమ్మలున్న పుస్తకమైతే మాత్రం ప్రతి పేజీకీ పెట్టాల్సిందే. నల్లటి పెద్ద బొమ్మ తర్వాత వచ్చే తెల్ల పేజీలో ఆ బొమ్మ అంచులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

డార్క్ మోడ్ వాడేవాళ్లకి ఒక మాట. నల్ల పేజీ మీద తెల్ల అక్షరాల్లో ఘోస్టింగ్ మరింత తెలుస్తుంది. ఫోన్ ఓలెడ్ స్క్రీన్‌లో లాగా బ్యాటరీ కలిసొస్తుందేమో అనుకుంటారు కొందరు, అదేం లేదు. నల్ల రేణువు పైన ఉన్నా తెల్ల రేణువు పైన ఉన్నా నిలబడటానికి ఖర్చు సున్నాయే.

పోస్టు 4 | కొత్తపేజీ

ఇద్దరికీ చాలా థాంక్స్. అధ్యాయానికోసారి పెట్టి చూశాను, చాలా నయంగా ఉంది. రిబ్బన్‌కేబుల్ గారూ, ఒక విచిత్రం గమనించాను. ఏసీ బాగా పెంచిన గదిలో చదివినప్పుడు నీడ ఎక్కువగా ఉంటోంది, పేజీ కూడా ఒక పిసరు బద్ధకంగా వస్తోంది. నా భ్రమా?

పోస్టు 5 | రిబ్బన్‌కేబుల్

భ్రమ కాదు, బాగా పట్టుకున్నారు. చలికి ఆ నూనె చిక్కబడుతుంది, రేణువులు నెమ్మదిస్తాయి. అదే వోల్టేజి, అంతే సేపు ఇస్తే అవి గమ్యం చేరవు. అందుకే బోర్డు మీద ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉంటుంది, ఒక్కో ఉష్ణోగ్రత శ్రేణికి ఒక్కో వేవ్‌ఫారం పట్టిక రాసిపెడతారు. చల్లగా ఉంటే ఎక్కువసేపు నెట్టే పట్టిక తీసుకుంటుంది. మీకు బద్ధకంగా అనిపించింది అదే. బయటి చలిలోంచి లోపలికి తెచ్చిన వెంటనే ఇంకా తేడాగా ఉంటుంది, కాసేపు గది వేడికి అలవాటు పడనివ్వండి. మామూలు ప్యానెళ్లు 0 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసేలా చేస్తారు. కాబట్టి ఎండలో ఆపిన కారులో కూడా వదిలేయొద్దు.

ఈ సందర్భంలోనే మోడ్‌ల సంగతి. ప్యానెల్ ఒకటే, దాన్ని నెట్టే పద్ధతులు నాలుగైదు. జీసీ16 అనే మోడ్ 16 బూడిద స్థాయిలనూ శుభ్రంగా ఇస్తుంది, అర సెకను దగ్గర పడుతుంది. డీయూ మోడ్ నలుపు తెలుపు మాత్రమే, పావు సెకను. మెనూలు, స్టైలస్ గీతలు అందులో గీస్తారు. ఏ2 ఇంకా వేగం, సెకనులో ఎనిమిదో వంతు, కానీ పాత నీడ బాగా మిగులుతుంది. వెబ్ పేజీ స్క్రోల్ చేస్తుంటే అక్షరాలు ముతకగా, బొమ్మలు చుక్కచుక్కలుగా కనిపించేది ఏ2లోనే. రీగల్ అనే పద్ధతి నీడ పడే చోట్లను ముందే లెక్కగట్టి మెరుపు లేకుండా తుడుస్తుంది. మీ రీడర్ చాలా పేజీలకి మెరవకుండా నెట్టుకొస్తోందంటే ఇలాంటిదేదో లోపల ఉన్నట్టే.

పోస్టు 6 | పాతఅట్ట

ఈ చర్చ చూస్తుంటే ఉత్సాహంగా ఉంది. కాస్త వెనక్కి వెళ్లనివ్వండి, ఎందుకంటే ఈ గుళికల ఆలోచన వెనక పాతికేళ్ల మొండి పట్టు ఉంది.

ఛార్జి ఉన్న రేణువుల్ని ద్రవంలో అటూ ఇటూ జరిపి బొమ్మ చూపించడం 1970ల నాటి ఆలోచనే. జపాన్‌లో మత్సుషితా కంపెనీలో ఇసావో ఓటా ఈ పని చేశారు. దాదాపు అదే కాలంలో జిరాక్స్ వాళ్ల పరిశోధనశాల 'పార్క్'లో నిక్ షెరిడన్ వేరే దారి పట్టారు: సగం నలుపు, సగం తెలుపు ఉన్న చిట్టి బంతుల్ని తిప్పే జైరికాన్. రేణువుల పద్ధతిని చాలాకాలం వేధించింది ఒక్కటే. కొన్నాళ్లకి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలయ్యేవి, లేదా అన్నీ ఒక పక్కకి కొట్టుకుపోయి పేరుకునేవి. బొమ్మ పాడైపోయేది.

ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జేకబ్‌సన్, ఆయన దగ్గర చదువుకుంటున్న బారెట్ కోమిస్కీ, జే.డీ. ఆల్బర్ట్ చేసిన పని ఇక్కడే కీలకం. ద్రవాన్ని ఒకే చెరువులా వదలకుండా చిట్టి గుళికల్లో బంధించారు. ఇక రేణువు ఎంత కొట్టుకుపోయినా తన గుళిక గోడ దాటదు. 1997లో 'ఈ-ఇంక్' అనే కంపెనీ పెట్టారు, 1998లో నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. నాకు దీంట్లో నచ్చే సంగతి, కష్టమైన రసాయనాన్ని పూర్తిగా జయించాకే ముందుకెళ్దామని కూర్చోలేదు. సమస్య పాకే దూరాన్ని తగ్గించేశారు.

ఈ స్క్రీన్‌తో వచ్చిన మొదటి రీడర్ 2004లో జపాన్‌లో సోనీ లిబ్రియే. 6 అంగుళాలు, 800×600, నాలుగు ట్రిపుల్ఏ బ్యాటరీలు. స్క్రీన్ అద్భుతం. కానీ కొన్న పుస్తకం 60 రోజుల తర్వాత తెరుచుకునేది కాదు, పాఠకులు దాన్ని ఆదరించలేదు. 2007 నవంబరులో మొదటి కిండిల్ వచ్చినప్పుడు దాని స్క్రీన్‌లో బూడిద స్థాయిలు నాలుగే. 2009లో రెండో కిండిల్‌కి 16 అయ్యాయి. అదే ఏడాది తైవాన్‌కి చెందిన ప్రైమ్ వ్యూ ఇంటర్నేషనల్ ఈ-ఇంక్ కంపెనీని కొనేసింది. 2010లో పెర్ల్ అనే కొత్త తరం ప్యానెల్, 2013లో కార్టా, ఆ తర్వాత కార్టా 1200, 1300. ప్రతి తరంలోనూ నలుపు ఇంకాస్త చిక్కగా, తెలుపు ఇంకాస్త తెల్లగా. ఒకేసారి గంతు ఎప్పుడూ లేదు.

పోస్టు 7 | కునుకులేదు

అందరూ 'కంటికి హాయి' అంటారు. నాకు దీని మీద గట్టి అభిప్రాయం ఉంది. ఇప్పటి రీడర్లలో చాలావాటికి ఫ్రంట్‌లైట్, అంటే తెర మీద వెలుతురు పడేసే లైటు, ఉంది. చీకటి గదిలో ఆ లైటు వేసుకుని చదివితే కంట్లో పడేది కాంతే కదా. ఫోన్ వెలుగు బాగా తగ్గించి, వెచ్చటి రంగు పెట్టుకుంటే దానికీ దీనికీ తేడా ఏముంది? కంటి వైద్యంలో రుజువైన గొప్పతనంలా చెప్పడం సరికాదు. అలసట ఎక్కువగా అక్షరం చిన్నదవడం వల్ల, స్క్రీన్ మరీ దగ్గరగా పట్టుకోవడం వల్ల, రెప్ప వేయడం మరిచిపోవడం వల్ల వస్తుంది. అవి ఏ స్క్రీన్‌కైనా ఉన్నవే.

పోస్టు 8 | రాత్రిబండి

కునుకులేదు గారూ, చీకటి గది వరకు మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ రోజులో మిగతా సమయం సంగతి చూడండి.

ఈ-పేపర్, అంటే ఈ రకం తెర, తన మీద పడ్డ వెలుతురులో కొంత వెనక్కి పంపుతుంది. కార్టా తరం ప్యానెల్ 40 శాతానికి కాస్త పైన పంపుతుంది. దాని అర్థం ఏమిటంటే గది వెలుతురు పెరిగితే పేజీ వెలుగు దానంతటదే పెరుగుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది. పేజీ ఎప్పుడూ చుట్టూ ఉన్న వస్తువుల వెలుగులోనే ఉంటుంది. ఫోన్‌లో ఆ సర్దుబాటు సెన్సర్ చేయాలి, అది ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. ఎండలో అయితే చెప్పక్కర్లేదు. నా మటుకు నాకు హాయి అంతా అక్కడే ఉంది.

ఫ్రంట్‌లైట్ కూడా ఎల్‌సీడీ వెనక లైటు లాంటిది కాదు. అంచుల్లో ఎల్ఈడీలు, పైన ఒక పల్చటి పలక. ఆ పలక వెలుతురును పక్క నుంచి తీసుకుని కిందకి, అంటే ఇంకు మీదకి పంపుతుంది, అక్కడ తగిలి మన కంటికి వస్తుంది. 2012లో మొదట నూక్ రీడర్, అదే ఏడాది కిండిల్ పేపర్‌వైట్ ఇలా చేశాయి. వెచ్చటి రంగు ఎల్ఈడీలు 2016లో కోబో ఆరా వన్ అనే రీడర్‌లో వచ్చాయి. కొన్ని మోడళ్లలో లైటు తగ్గించినప్పుడు ఎల్ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తారు. దాని వల్ల తలనొప్పి వచ్చేవాళ్లున్నారు, వాళ్లు కొనేముందు అది అడిగి తెలుసుకోవాలి.

నేను చేసేది ఇది: పగలు లైటు పూర్తిగా ఆపేస్తాను. రాత్రి దీపం వేసుకుని, పేజీ వెనకున్న గోడ కన్నా ప్రకాశంగా కనిపించనంత వరకు లైటు తగ్గిస్తాను. చీకట్లో చదవను.

పోస్టు 9 | కునుకులేదు

వెలుగు దానంతటదే సర్దుకుంటుందన్న మాట బాగుంది, ఆ కోణంలో నేను ఆలోచించలేదు. పగటి చదువు వరకు ఒప్పుకుంటున్నాను. నిద్ర విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. పడుకునే ముందు లైటు ఫుల్‌గా పెట్టుకుని 'ఇది ఈ-ఇంక్ కదా' అని ధైర్యం తెచ్చుకోవద్దు.

పోస్టు 10 | బొమ్మలపెట్టె

కలర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు, కొత్తపేజీ గారి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇలస్ట్రేషన్లు నా పని, కాబట్టి ఇది నాకు చాలా దగ్గరి విషయం.

కలర్ ఈ-పేపర్ అని అమ్మేవాటిలో రెండు వేర్వేరు జాతులున్నాయి, అమ్మకాల పేజీల్లో ఈ తేడా కనబడదు. మొదటిది కలిడో. ఇందులో ఇంకు మామూలు నలుపు తెలుపుదే. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ చుక్కలు అచ్చేస్తారు. ఎరుపు కావాలంటే ఎరుపు ఫిల్టర్ కింది పిక్సెల్ తెల్లబడుతుంది, చుట్టుపక్కలవి నల్లబడతాయి. ఒక రంగు చుక్కకి ఇన్ని పిక్సెళ్లు ఖర్చవుతాయి కాబట్టి కలిడో 3లో అక్షరాలు అంగుళానికి 300 చుక్కలు, రంగు బొమ్మలు 150. చూపించగల రంగులు 4096. 2024లో వచ్చిన కోబో క్లారా కలర్, లిబ్రా కలర్ ఈ జాతివే.

దీనికి తప్పించుకోలేని మూల్యం ఒకటుంది. ఫిల్టర్ కాంతిని మింగుతుంది. పడ్డ వెలుతురులో వెనక్కి వచ్చేదే 40 శాతం, అందులో మళ్లీ కోత. అందుకే లైటు ఆపిన కలర్ రీడర్‌ని నలుపు తెలుపు రీడర్ పక్కన పెడితే కలర్‌ది బూడిద కాగితంలా కనిపిస్తుంది. తెల్ల భాగంలో సన్నటి గరుకు కూడా ఉంటుంది, దగ్గరగా పెట్టి చూస్తే ఆ ఫిల్టర్ చుక్కలే కనిపిస్తాయి. రాత్రిబండి గారు పగలు లైటు ఆపేస్తాను అన్నారు చూడండి, కలర్ రీడర్‌లో ఆ సుఖం చాలా వరకు పోతుంది.

రెండో జాతి గ్యాలరీ. ఇందులో ఫిల్టర్ లేదు. ఇంకులోనే నాలుగు రకాల రేణువులు: తెలుపు, సయాన్, మెజెంటా, పసుపు. వాటిని ఒక్కోదాన్ని ఒక్కో లోతులో నిలబెట్టి రంగు తెస్తారు. రిబ్బన్‌కేబుల్ గారు చెప్పినట్టు రెండు రకాల్ని చూడకుండా నెట్టడమే అంత కష్టమైతే నాలుగు ఎంత కష్టమో ఊహించుకోండి. 2022లో గ్యాలరీ 3 ప్రకటించినప్పుడు ఈ-ఇంక్ కంపెనీ చెప్పిన లెక్కలే చూడండి: నలుపు తెలుపు పేజీకి 350 మిల్లీసెకన్లు, వేగంగా ఇచ్చే రంగుకి 500, మామూలు రంగుకి 750 నుంచి 1000, మేలైన రంగుకి 1500. రంగులు మాత్రం పూర్తి 300 చుక్కల్లో వస్తాయి. 2024లో వచ్చిన రీమార్కబుల్ పేపర్ ప్రోలో ఉన్నది ఈ తరహాదే.

నా సలహా: చదివేది ఎక్కువగా అక్షరాలైతే నలుపు తెలుపే. కామిక్స్ కోసమే కొంటుంటే కలిడో, అదీ 7 అంగుళాలకి తగ్గకుండా.

పోస్టు 11 | గళ్ళనోటు

బొమ్మలపెట్టె గారూ, మీరు కలిడోని కొంచెం తక్కువ చేశారనిపిస్తోంది. నేను పాఠ్యపుస్తకాలు చదువుతూ నాలుగు రంగుల్లో హైలైట్ చేస్తాను. పసుపు అంటే నిర్వచనం, ఎరుపు అంటే అనుమానం. నలుపు తెలుపు రీడర్‌లో అన్నీ ఒకే బూడిద గీతలు, తిరిగి చూసుకుంటే ఏది ఎందుకు గీశానో తెలిసేది కాదు. గ్రాఫులో రెండు గీతల్లో ఏది ఏదో కూడా అంతే. ఈ పనికి 150 చుక్కలు, వెలిసిన రంగులు ధారాళంగా సరిపోతాయి. రంగు అందం కోసమే కానక్కర్లేదు, గుర్తు కోసం కూడా.

పోస్టు 12 | బొమ్మలపెట్టె

గుర్తు కోసమైతే మీ మాటే రైటు. నేను బొమ్మల నాణ్యత కోణంలోనే చూశాను.

పాతఅట్ట గారి పోస్టుకి చిన్న చేర్పు. రంగు ఈ-పేపర్ కోసం వేరే దారుల్లో వెళ్లినవాళ్లూ ఉన్నారు. క్వాల్‌కామ్ మిరాసోల్ తెరలో కాంతి తరంగాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకునేలా సన్నటి పొరల్ని కదిపి రంగు తెచ్చారు. 2011లో దక్షిణ కొరియాలో క్యోబో రీడర్‌లో అది వచ్చింది కూడా. లిక్వావిస్టా అయితే రంగు నూనె చుక్కని వోల్టేజితో పక్కకి జరిపేది, దాన్ని శామ్‌సంగ్, ఆ తర్వాత 2013లో అమెజాన్ కొన్నాయి. రెండూ వీడియో ఆడించగల వేగంతో పనిచేసేవి, రెండూ నిలబడలేదు.

పోస్టు 13 | ఏఫోర్

పీడీఎఫ్‌లు చదివేవాళ్ల కష్టం కూడా వినండి. 6 అంగుళాల తెరలో ఏ4 పీడీఎఫ్ పెడితే అక్షరం సగానికన్నా చిన్నదైపోతుంది. జూమ్ చేసి పక్కకి జరుపుతూ చదువుదామంటే, ప్రతి జరుపుడుకీ ఈ స్క్రీన్ అర సెకను అడుగుతుంది. నాకు తెలిసి ఈ-రీడర్ పక్కన పడేసినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే విసిగిపోయారు.

చేయగలిగింది కొంత ఉంది. అంచుల్లోని ఖాళీ కత్తిరించి, రీడర్‌ని అడ్డంగా తిప్పి, పేజీని పై సగం, కింది సగంగా చదవడం. కేఓరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్‌లోని మాటల్ని ముక్కలుగా కోసి తెర వెడల్పుకి మళ్లీ పేరుస్తుంది, స్కాన్ చేసిన పుస్తకాలకి కూడా. గణిత సమీకరణాలుంటే మాత్రం చెల్లాచెదురవుతాయి. రోజూ పీడీఎఫ్‌లతోనే పనైతే 10.3 అంగుళాలు తీసుకోండి, 1404×1872 పిక్సెళ్లు, అంగుళానికి 227 చుక్కలు. 13.3 అయితే ఏ4 కాగితం దాదాపు అసలు కొలతలోనే వస్తుంది.

పోస్టు 14 | ఒత్తుఅక్షరం

చుక్కల లెక్క వచ్చింది కాబట్టి మన లిపి గురించి చెప్పాలి. ఇంగ్లీషు చదివేవాళ్లు '167 చుక్కలైనా చాలు' అంటే నమ్మకండి. 10 పాయింట్ల అక్షరానికి 167 చుక్కల తెరలో దక్కే ఎత్తు 23 పిక్సెళ్లు. ఆ 23లోనే గుడి, దీర్ఘం, అసలు అక్షరం, కింద వత్తు, అన్నీ సర్దుకోవాలి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల్లో వత్తుకి మిగిలేది ఐదారు పిక్సెళ్లు. క్రావడికీ టవత్తుకీ మధ్య ఖాళీ పూడుకుపోయి అక్కడో మచ్చ కనిపిస్తుంది. 300 చుక్కల తెరలో అదే అక్షరానికి 42 పిక్సెళ్లు దొరుకుతాయి, ప్రతి వంపూ విడివిడిగా నిలుస్తుంది. తెలుగు చదవడానికి కొనేవాళ్లు 300కి తగ్గొద్దు.

ఫాంటు కూడా ముఖ్యం. సన్నటి గీతల ఫాంట్లు ఈ తెర మీద బూడిదగా వెలిసిపోతాయి, ఎందుకంటే పిక్సెల్‌లో సగమే కప్పే గీత నలుపు కాకుండా మధ్య స్థాయి బూడిదగా పడుతుంది. అక్షరం మందం పెంచే సెట్టింగ్ ఉంటే ఒక మెట్టు పెంచండి. వత్తు అక్షరం కింద కాకుండా పక్కన విడిగా పడుతుంటే అది స్క్రీన్ తప్పు కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల్ని కూర్చే ఇంజిన్ తెలుగును సరిగ్గా చూసుకోవడం లేదని అర్థం.

పోస్టు 15 | కొత్తపేజీ

ఒత్తుఅక్షరం గారూ, ఇది చదివాక ఫాంటు మందం ఒక మెట్టు పెంచాను. ఇన్నాళ్లూ లైటు తక్కువైందనుకుని పెంచుతూ వచ్చాను, ఇప్పుడు తగ్గించుకోగలుగుతున్నాను. బ్యాటరీ గురించి కూడా ఎవరైనా చెప్పండి. 'వారాలు' వస్తుందన్నారు, నాకు అంత రావడం లేదు.

పోస్టు 16 | రాత్రిబండి

ఆ వారాల లెక్క కింద చిన్న అక్షరాల్లో ఏముందో చూడాలి. 2021 పేపర్‌వైట్‌కి 10 వారాలన్నారు: రోజుకి అరగంట చదివితే, వైర్‌లెస్ ఆపి, లైటు 13వ స్థాయిలో పెడితే. గుణిస్తే 35 గంటలు. మీరు రోజుకి మూడు గంటలు చదివితే అది పన్నెండు రోజుల లోపే. మోసం కాదు గానీ, గంటల్లో చెబితే అందరికీ అర్థమయ్యేది.

పేజీ నిలబడటానికి కరెంటు అక్కర్లేదు, తిరగడానికే కావాలి. కానీ ఫ్రంట్‌లైట్ మీరు చదివినంతసేపూ తాగుతూనే ఉంటుంది. వైఫై ఇంకా ఎక్కువ. కొత్త పుస్తకాలు ఒకేసారి వందల్లో ఎక్కిస్తే వాటన్నిటికీ వెతుకులాట సూచిక తయారుచేసుకుంటూ రెండు రోజుల్లో బ్యాటరీ దించేస్తుంది. ఏదైనా ఫైలు చెడిపోయి ఉంటే ఆ పని ఎప్పటికీ పూర్తవదు, ఆ ఫైలు తీసేస్తేనే గానీ ఆగదు. మీకు కొత్త కాబట్టి ఇదే అయ్యుండొచ్చు.

పోస్టు 17 | రిబ్బన్‌కేబుల్

పిల్లలకి కొంటున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. నా దగ్గరికి బాగుచేయమని వచ్చే రీడర్లలో ఎక్కువ శాతం ఒకే కేసు: 'ఎక్కడా పడలేదు, పైన గీత కూడా లేదు, బ్యాగులోంచి తీసేసరికి సగం తెర పనిచేయడం లేదు.' వాళ్లు చెప్పేది నిజమే. మీరు తాకే పై పొర కింద, ఇంకు పొర వెనక, ట్రాన్సిస్టర్లన్నీ ఒక పల్చటి గాజు పలక మీద ఉంటాయి. బ్యాగులో ఏదైనా బరువు పడి ఒంగితే పై పొర ఒంగి ఊరుకుంటుంది, లోపలి గాజు పగులుతుంది. పగులు దాటి సిగ్నల్ పోదు. అటుపక్క రేణువులు పాత బొమ్మలోనే ఉండిపోతాయి, అడ్డంగానో నిలువుగానో గీతలు పడతాయి. వెనక వైపు గట్టిగా ఉండే కవరు వాడండి, ముందు వైపుది కాదు ముఖ్యం. గాజు బదులు ప్లాస్టిక్ వాడే ప్యానెళ్లూ ఉన్నాయి. 2013లో సోనీ 13.3 అంగుళాల డీపీటీ-ఎస్1, 2018లో కోబో ఫార్మా అలాంటివి. అన్ని రీడర్లలోనూ దొరకవు.

తెర మార్పించుకునేవాళ్లు మెకానిక్‌ని ఒకటి అడగండి. ప్యానెల్‌ని బోర్డుకి కలిపే పల్చటి పట్టీ (రిబ్బన్) మీద చిన్న స్టిక్కర్‌పై −2.06 లాంటి అంకె ఉంటుంది. దాని పేరు వీకామ్, ఆ ప్యానెల్ పై ఎలక్ట్రోడ్‌కి ఇవ్వాల్సిన వోల్టేజి. ఒక్కో ప్యానెల్‌కి ఒక్కో అంకె. కొత్త ప్యానెల్ వేసి పాత అంకె అలాగే వదిలేస్తే బూడిద రంగులు తేడాగా వస్తాయి, నీడ వదలదు. 'తెర మార్పించాను కానీ మునుపటిలా లేదు' అనే ఫిర్యాదు వింటే నేను ముందు చూసేది ఈ అంకెనే.

పోస్టు 18 | కొత్తపేజీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చదివినదాన్ని బట్టి నిర్ణయించుకున్నాను: నాకు ఇప్పుడున్న నలుపు తెలుపుదే, పిల్లలకి 7 అంగుళాల కలిడో, వెనక గట్టి కవరుతో. ఆఖరి ప్రశ్న బొమ్మలపెట్టె గారికి. నా దగ్గర ఉన్న నలుపు తెలుపు రీడర్‌లోనే స్కాన్ చేసిన కొన్ని రేఖాచిత్రాలు చూడాలని ఉంది. పెడితే నేపథ్యం అంతా పట్టీలు పట్టీలుగా విడిపోతోంది.

పోస్టు 19 | బొమ్మలపెట్టె

స్కాన్‌లో బూడిద స్థాయిలు 256 ఉంటాయి, మీ తెరకి 16. నునుపుగా మారే నీడల్ని దగ్గర్లోని స్థాయికి సర్దేసరికి మధ్యలో అంచులు ఏర్పడతాయి, ఆ పట్టీలు అవే. బొమ్మని ముందే మీ తెర కొలతకి, అంటే 6 అంగుళాల 300 చుక్కలదైతే 1072×1448కి తగ్గించండి. తగ్గించాక 16 స్థాయిలకి డిథరింగ్ చేయండి, అంటే మధ్య రంగుల్ని సన్నటి చుక్కల కలయికతో చూపించడం, జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. వరుస ఇదే ఉండాలి. ముందు డిథరింగ్ చేసి తర్వాత కొలత తగ్గిస్తే చుక్కలన్నీ కలిసిపోయి మళ్లీ మచ్చలు వస్తాయి. పీఎన్‌జీగా భద్రపరచండి, జేపెగ్ ఆ చుక్కల్ని నాశనం చేస్తుంది. రేఖాచిత్రమే కాబట్టి తగ్గించే ముందు కాంట్రాస్ట్ ఒక మెట్టు పెంచి చూడండి, కాగితం పసుపుదనం పోయి గీత నల్లగా తేలుతుంది.